గేదె సెట్టు

సౌండు గురించి నాకు తెలుసు. ఈ మాట అనడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు. విశాఖపట్నంలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో సర్వీసు మెకానిక్‌గా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసి, ఆ షాపు షట్టరు ఆఖరిసారి దించిన రోజున ఇంటికొచ్చేశాను. సెట్టు మూత తియ్యకుండానే, పాట వింటూ లోపల ఏ భాగం ఎండిపోయిందో చెప్పగలిగేవాణ్ణి. అలాంటి నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టిన కేసులో సెట్టు అసలు పాడవనేలేదు. రిపేరు పని నేర్చుకునే పిల్లలకి పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను. నేర్చుకోనివాళ్ళు ఊరికే చదివినా నష్టం లేదు.

తొంభైల నడిమి సంవత్సరాలవి. మ్యూజిక్ సిస్టమ్ ఇంట్లో ఉండడం ఒక హోదా. మా షోరూము అద్దాల వెనక వెండి అంచుల స్పీకర్లు, పాటతోపాటు ఎగిరిపడే రంగురంగుల లైట్లు, మీట నొక్కితే పడగలా లేచే మూతలు. కొనడానికొచ్చినవాళ్ళు రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసేవారు. కళ్ళు మూసుకుని విన్నవాణ్ణి నేనెరగను. మా షావుకారు కూడా అదే చెప్పేవాడు. "బావూ, జనం సెవుల్తో కొనరు, కళ్ళతో కొంతారు. అగుపడాల!" ఆయన విశాఖ పాతబస్తీ మనిషి. తండ్రి నాటి నుంచీ రేడియోల వ్యాపారం. కోపం ముక్కు మీదే ఉండేది గాని, మనసు మంచిది.

అలాంటాయన ఒకసారి కళ్ళతో చూడకుండా కొన్నాడు. పోర్టు దగ్గర విదేశీ నావికులు దిగే విశ్రాంతి గృహమొకటి మూసేస్తూ సామాన్లు వేలం వేశారు. చెక్కపెట్టెల మీద 'స్టీరియో' అని రాసి ఉండడం చూసి షావుకారు మొత్తం పాడేసుకున్నాడు. పెట్టెలు షాపుకొచ్చాక మేకులు పీకి తెరిచాం. షావుకారు మొహం చూడవలసిందే.

లోపల ఉన్నవి రిసీవర్లు. అంటే రేడియో, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉంటాయి. స్పీకర్లు, క్యాసెట్ డెక్కు మనం విడిగా తగిలించుకోవాలి. సరుకు డెబ్బైల నాటిది. ముందు పలక బూడిద రంగుకీ బురద రంగుకీ మధ్య, ఏ పేరూ లేని రంగు. పక్కలకి చెక్కలా కనిపించాలని అతికించిన కాగితం, అక్కడక్కడ పొరలు లేచిపోయి ఉంది. డబ్బా మూతలంత నాబులు. ఆన్ చేస్తే ఓ నీరసమైన పసుపు దీపం. చూస్తే ఇనప బీరువాకి చెల్లెల్లా ఉంది. ఒకటి ఎత్తబోయి నేను నడుం పట్టుకున్నాను.

మా కౌంటరు దగ్గర అమ్మకాలు చూసే అమ్మాయొకామె ఉండేది. గాజువాక వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేది. చురుకైన మనిషి. ఆమె పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "ఓలమ్మో, గేదెలాగుంది మాస్టారూ!" అంది. అంతే, ఆ పేరు స్థిరపడిపోయింది. షావుకారు కూడా 'స్టీరియోలు' అనడం మానేసి 'ఆ గేదెలు' అనేవాడు.

షోరూములో ఒకదాన్ని పెట్టి చూశాం. ఒకాయన అది బ్యాటరీ చార్జరా అని అడిగాడు. ఇంకొకాయన కాసేపు బాగానే విని, "బాగుంది గాని బావా, దీన్ని ఇంట్లో పెడితే మా ఆవిడ నన్ను బయట పెడతాది" అని నవ్వేసి లైట్ల సెట్టు కొనుక్కుపోయాడు. చివరికి గేదెలన్నిటినీ వెనక నా సర్వీసు గదిలోకి తోసేశారు. నా బల్ల, నా స్టూలు, వాటి మధ్య నేను.

మధ్యాహ్నం భోజనం వేళల్లో ఊరికే ఉండలేక ఒకటి విప్పాను. మూత తీయగానే నాకు గౌరవం కలిగింది. కొబ్బరికాయంత ట్రాన్స్‌ఫార్మరు, వేడిని లాగేసే దళసరి అల్యూమినియం రెక్కలు, తీరుగా అల్లిన వైర్లు. మా ఊరి సముద్రపు గాలికి స్విచ్చుల లోపల పచ్చటి చిలుము పట్టింది, అంతే. దాన్ని శుభ్రం చేసి, వెనకనున్న వోల్టేజి మీట మన కరెంటుకి మార్చి, పాత చెక్క స్పీకర్లు రెండు తగిలించి క్యాసెట్టు పెట్టాను. అన్నం తినడం మర్చిపోయాను. వయోలిను తీగ మీద కమాను రాసుకునే గరుకుదనం కూడా వినిపించింది. వాల్యూము ఎంత పెంచినా గొంతు చీలలేదు, పెట్టె వణకలేదు. షోరూములో ఉన్న లైట్ల సెట్లు సగం దాటితే రొప్పేవి.

షావుకారుకి చెప్పాను. "బాగున్నాది బావూ, నాను కాదన్నానా? మరి అమ్మి సూపించు" అన్నాడు.

అలా ఉండగా మిల్లు మేస్త్రి వచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీలో, ఇనప కడ్డీలు సాగదీసే మిల్లులో పనిచేసేవాడు. సొంతూరు తగరపువలసకి అవతల. నలభై దాటిన మనిషి, బలమైన భుజాలు. మాట పెద్దగా, కేక వేసినట్టు మాట్లాడేవాడు. జీతం కూడబెట్టుకుని మా దగ్గర ఓ మంచి లైట్ల సెట్టు కొన్నాడు. వారం తిరక్కుండానే ఆటోలో దాన్ని వెనక్కి తెచ్చాడు.

"బావూ, పాట ఇనపడతంది, మాట ఇనపడతనేదు" అన్నాడు.

నేను తనిఖీ చేశాను. సెట్టు బంగారంలా ఉంది. ఆయన తెచ్చిన క్యాసెట్టు పెట్టి విన్నాను. ఏదో జాతరలో చిన్న టేపురికార్డరుతో ఎవరో రికార్డు చేసింది. డప్పుల మోత, గజ్జెల మోత, వాటి వెనక ఎక్కడో ఒక ముసలి గొంతు. మాటలు నాకూ అంతంతమాత్రంగానే తెలిశాయి. తప్పు రికార్డింగుది అనుకుని డెక్కులో టేపుని చదివే హెడ్డు తుడిచి, దాని వంపు సరిచేసి ఇచ్చాను. మళ్ళీ వచ్చాడు. స్పీకర్లు మార్చాను. మళ్ళీ వచ్చాడు. షావుకారు విసుక్కుని ఇంకా పెద్ద సెట్టు ఇప్పించాడు. అదీ తిరిగొచ్చింది.

"ఈయన సేతిలో ఏ సెట్టూ బతకదు. డబ్బిచ్చీసి పంపీ" అన్నాడు షావుకారు.

మేస్త్రి ఆ మాటకి కదల్లేదు. వినిపించనట్టు నా మొహంలోకే చూస్తున్నాడు. ఆయన అలా వచ్చినప్పుడల్లా గొడవపడేవాడు కాదు. అదే నాకు ఇబ్బందిగా ఉండేది. గొడవపడేవాణ్ణి పంపించెయ్యచ్చు. నమ్మి కూర్చున్నవాణ్ణి ఎలా పంపిస్తాం?

ఆయన వెళ్ళాక కౌంటరమ్మాయి నా గదిలోకొచ్చింది.

"మాస్టారూ, మీరు ఆయన సెట్టు సూస్తన్నారు గాని ఆయన్ని సూస్తన్నారేటి?"

"ఏం?"

"నాను వెనక్కి తిరిగి బీరువా సర్దుతూ మంచినీళ్ళు కావాలా అనడిగేను. పలకనేదు. మొహం తిప్పి అడిగితే 'ఇయ్యమ్మా' అన్నాడు. మా నాన్న కూడా అంతే. ఓడల రిపేరులో తుప్పు కొట్టేవాడు, సుత్తి మోతకి సెవులు పోనాయి. మన పెదాలు సూసి మాట పట్టుకుంటారు మాస్టారూ, సెవులతో కాదు."

సెట్టులో లోపం వెతికే అలవాటు ఉన్నవాడికి మనిషి గుర్తురాడు. ఇన్నాళ్ళూ నేను చేసింది అదే.

మరుసటి వారం మేస్త్రి రాగానే ఎదురుగా కూర్చోబెట్టి నెమ్మదిగా, పెదాలు కనిపించేలా, చెవుల సంగతి అడిగాను. మొదట ఒప్పుకోలేదు. తర్వాత తలవంచుకుని చెప్పాడు.

"మిల్లులో ఎర్రగా కాల్చిన కడ్డీ పరిగెడతాది బావూ. ఆ మోతలో పక్కోడి మాట ఎవులికీ ఇనపడదు. అందుకే నాకు ఇనపడదని మొదట్లో తెల్దు. ఇంటికొచ్చేక తెలిసింది. మా ఆడది పిలిస్తే గొంతు తెలుస్తాది. ఏటందో తెల్దు."

అది నాకు అర్థమయింది. పెద్ద మోతలు చెవిలో ముందు పైస్థాయి శబ్దాలని తినేస్తాయి. అంటే అచ్చులు మిగులుతాయి, హల్లులు పోతాయి. 'అప్ప', 'అక్క', 'అత్త' అన్నీ ఒకటే అవుతాయి. పాట వినపడుతుంది, మాట వినపడదు. ఆయన మొదటి రోజే నాకు సరిగ్గా చెప్పాడు.

"మరి ఈ క్యాసెట్టే ఎందుకు? వేరే పాటలు పెట్టుకుంటే?"

అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. మేస్త్రి తప్పెటగుళ్ళ దళంలో పాటగాడు. గుండ్రటి రేకు తప్పెట గుండెకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, వరసగా గెంతుతూ కథ చెప్పే ఆట అది. మా ఉత్తరాంధ్రలో తెలియనివాళ్ళుండరు. వాళ్ళ ఊరి అమ్మోరి జాతరలో ఒక పెద్ద కథ చెప్పడం ఆనవాయితీ. ఆ కథ మొత్తం నోటికి వచ్చిన మనిషి ఒక్కడే, వాళ్ళ గురువు. కాగితం మీద ఎప్పుడూ ఎక్కలేదు. ఆ గురువుకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మనిషి ఉన్నాడు, వింటాడు, అన్నీ తెలుస్తాయి. నోరు మాత్రం లేవదు.

"మేం పాడి ఇనిపిస్తాం బావూ. తప్పు వస్తే తల అడ్డంగా ఆడిస్తాడు. ఒప్పేదో సెప్పలేడు. మళ్ళీ ఇంకోటి అంటాం. మళ్ళీ తలాడిస్తాడు. కళ్ళంట నీళ్ళెడతాడు. తప్పు కథ అమ్మోరి ముందర సెప్పద్దని సేత్తో సైగ సేసి మా తప్పెటలన్నీ గోడకి తగిలించీసేడు."

"దళంలో చెవులు బాగున్నవాళ్ళు లేరా?"

"ఉన్నారు. కుర్రోళ్ళు. ఆళ్ళు గురువు పక్కన పాడినోళ్ళు కాదు. పాత మాటలు ఎరగరు. ఇన్నది అర్థం కాక తోచిన మాట పెట్టీస్తన్నారు. ఆయన పక్కన వంత పాడినోణ్ణి నానొక్కణ్ణే. సగం ఇనపడినా మిగతా సగం గుర్తొస్తాది. ఆ సగమే ఇనపడతనేదు."

గురువుకి వినపడుతుంది, చెప్పలేడు. శిష్యుడు చెప్పగలడు, వినపడదు. ఇద్దరి మధ్యా ఆ నాసిరకం క్యాసెట్టు. జాతర ఆ ఎండాకాలంలోనే.

నా వెనక గోడవారన బూడిద రంగు పెట్టెలు వరసగా ఉన్నాయి. వాటిని చూడకుండానే నాకు జవాబు తెలిసిపోయింది. "వచ్చే వారం మీ సెలవు రోజున పొద్దున్నే రండి. మీ దళంవాళ్ళని కూడా తీసుకురండి" అన్నాను. ప్రయత్నిస్తాను, చూద్దాం అనలేదు. వినిపిస్తాను అన్నాను. అంత ధీమా ఉండేది నాకు.

కానీ ఈలోగా షావుకారు గేదెల సంగతి తేల్చేశాడు. కొత్త సరుకు లారీ వస్తోంది, గది ఖాళీ కావాలి. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండే తుక్కు వ్యాపారితో మాట్లాడేశాడు. రాగి, అల్యూమినియం తూకం లెక్కన తీసుకుపోతాడు. బండి వచ్చే రోజు సరిగ్గా మేస్త్రి రావలసిన రోజే.

"ఒక్కటి ఉంచండి, నాకు పనుంది" అన్నాను ఆ పొద్దున.

"ఒకటుంటే దానికి తోడు ఇంకోటంటావు. నాను బేరం మాటాడీసేను. మద్దేన్నానికి నాను లారీ ఆఫీసు నుంచి వొచ్చేసరికి ఒక్క గేదె అగుపడకూడదు" అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే తుక్కు బండి ఇటు వచ్చింది. తుక్కాయన, ఆయన మనిషి ఒకడు. తుక్కాయన ఒక పెట్టెని చేత్తో ఎత్తి, బరువు చూసి సంతోషపడ్డాడు. మోయడం మొదలుపెట్టారు. ఇంకాసేపట్లో మేస్త్రి, దళంలో నలుగురైదుగురు తలపాగాలతో గుమ్మంలోకి వచ్చారు. నేను తుక్కాయన్ని ఆపాను.

"కాసేపు ఆగాలి. ఇక్కడొక పనుంది."

"షావుకారు మద్దేన్నానికల్లా ఎత్తీమన్నారు."

"షావుకారుకి నేను జవాబు చెబుతాను. మీరు కూర్చోండి. టీ తెప్పిస్తాను."

షావుకారు మాట దాటిన పనివాడు ఆ షాపులో నిలిచిన దాఖలా లేదు. కౌంటరమ్మాయి నా వంక చూసి, టీలు చెప్పడానికి వెళ్ళింది.

నేను శుభ్రం చేసిన రిసీవరు బల్ల మీద పెట్టాను. చెక్క స్పీకర్లు మేస్త్రి కూర్చున్న ఎత్తుకి లేపి, ఆయన మొహానికి ఎదురుగా తిప్పాను. డెక్కు తగిలించాను. క్యాసెట్టు పెట్టాను. ముందు నాబులన్నీ మధ్యలో ఉంచి వినిపించాను. మేస్త్రి తల అడ్డంగా ఆడించాడు. అదే మోత.

ఇక నా పని మొదలుపెట్టాను. ఆ పాత పెట్టెల్లో ఒక సుఖం ఉంది. ఇప్పటి సెట్లలాగ వాటికి 'రాక్', 'పాప్' అని తయారుచేసి పెట్టిన మీటలు ఉండవు. బాస్, మిడ్, ట్రెబుల్ అని మూడు నాబులు విడివిడిగా ఉంటాయి. డప్పు ఒకదాంట్లో, గొంతు ఒకదాంట్లో, గజ్జె ఒకదాంట్లో ఉన్నాయనుకోండి. ముందు 'మోనో' మీట నొక్కాను, రెండు స్పీకర్లూ ఒకే మాట చెబుతాయి. అడుగు మోతని కోసేసే 'లో ఫిల్టర్' నొక్కాను. తప్పెటల దెబ్బ గదిలోంచి బయటికి వెళ్ళిపోయినట్టయింది. బాస్ పూర్తిగా దించాను. మిడ్ పెంచాను. ట్రెబుల్ కొంచెం కొంచెంగా లేపాను, గజ్జెలు గోల చేసే ముందు ఆపాను. అప్పుడు వాల్యూము నాబు మీద చెయ్యి వేసి తిప్పడం మొదలుపెట్టాను.

లైట్ల సెట్టు అయితే అక్కడ చేతులెత్తేసేది. ఇది ఎత్తలేదు. గొంతు పెరుగుతూ పోయింది. గదిలో మేం చెవులు మూసుకునేంత పెరిగింది. అయినా చీలలేదు. ముసలాయన మా మధ్య నిలబడి పాడుతున్నట్టుంది. ఊపిరి పీల్చుకోవడం కూడా తెలిసింది.

మేస్త్రి ముందుకి వంగాడు. కళ్ళు స్పీకరు మీదే. పెదాలు కదులుతున్నాయి. కాసేపటికి చెయ్యెత్తాడు. ఆపాను.

"మళ్ళీ."

వెనక్కి తిప్పి వేశాను. మళ్ళీ చెయ్యెత్తాడు.

"మళ్ళీ బావూ, మళ్ళీ!"

మూడోసారి వింటూనే లేచి నిలబడిపోయాడు.

"పంచన! ఒరే, అంచున కాదురా, పంచన! సందరం పంచన మంద నిలిపెనే!"

దళంవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నాళ్ళూ వాళ్ళు 'సందరం అంచున' అని పాడుతున్నారట. అమ్మోరు పశువుల మందతో కొండ దిగి వచ్చి సముద్రం ఒడ్డున ఆగే ఘట్టం. ఆ చోటనే గురువు మొండిగా తలాడించేవాడట. 'ప' మీద సరిగ్గా తప్పెట దెబ్బ పడడంతో ఆ అక్షరం మోత కింద పడి నలిగిపోయింది.

"అంచున అంటే ఎవులైనా నిలుస్తారు" అన్నాడు మేస్త్రి. "పంచన అంటే, సందరాన్ని సోటడిగి ఉన్నాదన్నమాట. అమ్మోరంతటిది అడిగి ఉన్నాది. అదీ కథ. ఈ కుర్రగుంటలకి అది తెల్దు. నానూ మర్సిపోనాను."

తర్వాత ఆగలేదు. ఒక్కో మాట ఆయన పట్టుకోవడం, దళంవాళ్ళు వెంటనే అందుకుని పాడడం. కూర్చోవడం మానేశారు. తప్పెటలు లేకపోయినా అరచేతులతో గుండెల మీద కొట్టుకుంటూ అడుగులు వేస్తున్నారు. షోరూములోంచి కొనడానికొచ్చినవాళ్ళు కూడా గుమ్మం దగ్గర గుమిగూడారు. ఒకచోట మాత్రం టేపు నలిగిపోయి, రెండు మూడు చరణాల మేర ఉత్త గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్కడ నేను చేయగలిగింది లేదు. లేని మాటని ఏ సెట్టూ పుట్టించలేదు. మేస్త్రి తల ఊపి, "పోనీ, ముందుకి ఎల్లు" అన్నాడు.

ఆ సందడిలో షావుకారు స్కూటరు చప్పుడు ఎవరికీ వినపడలేదు. తలెత్తేసరికి గుమ్మంలో ఉన్నాడు. బయట బండి సగం నిండి ఆగిపోయి ఉంది. లోపల తుక్కాయన ఒక గేదె మీదే కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని తల ఊపుతున్నాడు.

"ఏటిది?" అన్నాడు షావుకారు.

పాట మాత్రం నడుస్తోంది. ఆయన స్పీకరు వైపు చూశాడు. రేడియోల ఇంట్లో పుట్టిన మనిషి కదా, మంచి గొంతు ఆయనకి తెలియకపోదు. పాట ఒక మలుపు దాటేదాకా ఆగాడు.

తుక్కాయన లేచి, "షావుకారూ, ఇందులో రాగెంతుంటాదో నాను ఎత్తి సెప్పగలను. ఇలాటి గొంతుంటాదని తెల్దు" అన్నాడు.

షావుకారు నా వైపు తిరిగాడు. "సరే. ఒక గేదెని ఈయనకి అమ్మీసేవు. మిగతా మందని ఏటి సేత్తావు?"

నేను ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. "ఈ ఊళ్ళో మోతల మధ్య బతికే జనం ఎంతమందో ఆలోచించండి. మిల్లుల్లో, పోర్టు క్రేన్ల మీద, ఓడల రిపేరులో, ఇంజను బోట్లలో. వాళ్ళంతా మన లైట్ల సెట్లు కొని, మాట వినపడక, తప్పు తమదే అనుకుని ఊరుకుంటున్నారు. ఈయన ఒక్కడు తిరిగొచ్చాడు కాబట్టి మనకి తెలిసింది. నాకు దసరా దాకా టైమివ్వండి. ఆ తర్వాత ఒక్కటి మిగిలినా నా చేతుల్తో నేనే బండికెత్తుతాను."

"ఎలగ అమ్ముతావు? ఆ మొహం పెట్టుకుని?"

కౌంటరమ్మాయి అందుకుంది. "మొహం సూపించం సార్. గుడ్డ కప్పీస్తాం."

షావుకారుకి నవ్వొచ్చింది. నవ్వొస్తే ఆయన కోపం నిలవదు. బండిలోంచి పెట్టెలు దింపించాడు. తుక్కాయన సణుక్కుంటూనే తనూ ఓ చెయ్యి వేశాడు.

కౌంటరమ్మాయి అన్నంత పనీ చేసింది. షోరూములో ఓ మూల కర్టెను కట్టింది. వెనక ఒక లైట్ల సెట్టు, ఒక గేదె. వచ్చినవాళ్ళకి, "మీ ఇంట్లో ఇష్టంగా ఇనే క్యాసెట్టేదో పట్టుకురండి, ఏది బావుంటే అదే తీసుకోండి" అనేది. కర్టెను తీశాక కొంతమంది మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవారు, నిజమే. చాలామంది ఓ నిమిషం ఆలోచించి, నవ్వి, ఆ బూడిద పెట్టెనే ఎత్తుకుపోయేవారు. క్రేను నడిపే ఒకాయన కొన్నాడు. మత్స్యకారుల పేటనుంచి బోటు డ్రైవరొకాయన కొన్నాడు. ఒక సంగీతం టీచరు కొని, దాని మీద అల్లిన గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టుకుంది. దసరా వచ్చేసరికి రెండే మిగిలాయి. ఒకటి షావుకారు ఇంటికి పట్టుకుపోయాడు. ఎవరికీ చెప్పద్దన్నాడు. రెండోది నా దగ్గర ఉంది.

ఆ తర్వాత పదేళ్ళకి పైగా ఆ గేదెలు ఏడాదికో రెండేళ్ళకో నా బల్ల మీదికి వస్తూనే ఉండేవి. చిలుము తుడవడం, ఎండిన భాగమొకటి మార్చడం, పంపడం. లైట్ల సెట్లు వచ్చిన దారినే తుక్కుకి పోయాయి. రెండువేల సంవత్సరం దాటాక హోమ్ థియేటర్లు వచ్చాయి, అవీ వెళ్ళాయి. ఇప్పుడు పాత రిసీవర్ల మీద మీ తరానికి మోజు పుట్టిందని విన్నాను. మంచిదే. కానీ మీరు కూడా వెండిరంగు మొహం, నీలం దీపం ఉన్నవాటికే ఎగబడుతున్నారు. పక్కన ప్లాస్టిక్ పలకతో, పొట్టిగా, బండగా ఒకటి పడి ఉంటే దాన్ని ఎత్తి చూడండి. బరువుందా? మిడ్ నాబు ఉందా? ఉంటే మారు మాట్లాడకుండా తెచ్చుకోండి. నన్ను నమ్మండి, ఈ విషయంలో నేను పొరపడను.

ఇక ఆ జాతర. షావుకారు నాకు సెలవిచ్చాడు. తగరపువలసలో బస్సు దిగి, మేస్త్రి పంపిన మనిషితో ఆ ఊరు వెళ్ళాను. పొద్దు వాలుతోంది. ఊరంతా గుడి ముందర మైదానంలో ఉంది. ముందు వరసలో నులకమంచం మీద దిండ్లకి ఆనించి గురువుని కూర్చోబెట్టారు. బక్కపలచటి మనిషి. మొహంలో సగం వేలాడుతోంది. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. అప్పటికే వాళ్ళింట్లో నెలరోజులుగా మేస్త్రి కొన్న రిసీవరు మోగింది. మేస్త్రి పట్టుకున్న ప్రతి మాటా ఆయన ముందు పాడి, తలాడించకపోతేనే ముందుకెళ్ళారు. తప్పెటలు గోడమీంచి ఆయనే దింపించాడట.

ఆట మొదలైంది. నేను బల్ల ముందు కూర్చుని విన్న ఆ గొంతులు వేరు, మట్టిలేచేలా గెంతుతూ పాడే ఆ మనుషులు వేరు. 'సందరం పంచన' వచ్చినప్పుడు ఊళ్ళో ముసలమ్మలు కొందరు చేతులెత్తి మొక్కారు. గురువు మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, టేపు నలిగిన చోటు దగ్గర పడుతోందని. అక్కడ ఏం చేస్తారో నేను అడగలేదు. దాటేస్తారేమో అనుకున్నాను. మేస్త్రి చెయ్యెత్తాడు. తప్పెటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గజ్జెల చప్పుడు లేదు. ఆయన ఒక్కడే ముందుకొచ్చి, నెమ్మదిగా, మోత లేకుండా పాడాడు. మంద వెంట వచ్చిన ఒక గొడ్డు సముద్రపు హోరుకి బెదిరి, కాపరి పిలుపు వినపడక దారి తప్పితే, అమ్మోరు తానే ఎదురెళ్ళి, దాని మొహంలోకి చూసి, పెదాలు కదిపి పిలిచి తెచ్చుకుందట.

గురువు తాళం ఆగింది. దళంవాళ్ళు అందరూ ఆయన తల వైపే చూస్తున్నారు. ఆ తల అటూ ఇటూ ఆడలేదు. ఆయన సగం మొహంతో నవ్వాడు. బాగున్న చేత్తో మంచం పట్టె మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టాడు. తప్పెటలు మళ్ళీ అందుకున్నాయి.

ఆట అయ్యాక మేస్త్రి చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఆయనకి ఎదురుగా నిలబడి అడిగాను. "టేపులో ఆ చోట ఏమీ లేదు కదా. గురువుగారి మాటలు ఎలా దొరికాయి?"

"దొరకనేదు బావూ" అన్నాడు. "అది నానే కట్టీసేను. ఆ సోట గురువు ఏటన్నాడో నాకు తెల్దు. నాను ఏటన్నానో ఆయనకి తెలిసింది. సాలు."